'కాజిల్' మళ్ళీ చూశాం: ఎనిమిది సీజన్లలో ఏడు చాలు

ముందే చెప్తున్నా, ఇందులో కథంతా బయటపడిపోతుంది. హంతకుడు ఎవరనే సంగతి కాదు, అది మీరే ఎపిసోడ్ సగంలో కనిపెట్టేస్తారు. ఎవరు ఎవరి దగ్గర ఏం దాచారు, ఎప్పుడు అలిగారు, ఎప్పుడు కలిశారు, అదంతా రాసేస్తున్నా. కొత్తగా చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోయి, ఏడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ అయ్యాక టీవీ కట్టేయండి. నేను చెప్పేది అంతే, మిగతాదంతా ఎందుకలా అని.

పోయినేడాది అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు మా ఇంట్లో ఉంది. సాయంత్రం సీరియళ్ళు సాయంత్రానికే, మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక నన్ను తినేస్తుంటే, ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చూసిన 'కాజిల్' పెట్టాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ చెప్తుండేదాన్ని, రెండో సీజన్‌కి వచ్చేసరికి "నువ్వాగవే, నాకు తెలుస్తోంది" అనడం మొదలుపెట్టింది. నిజంగానే తెలిసేది. ఎవరు చచ్చారో, ఎందుకు చంపారో సగం సగమే తెలిసేది కానీ ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో మాత్రం నాకంటే ముందు తెలిసేది. రోజుకి రెండు, ఒక్కోసారి మూడు చొప్పున లాగించాం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: రిచర్డ్ కాజిల్ డిటెక్టివ్ నవలలు రాసే కోటీశ్వరుడు, మహా చిలిపి. అతని నవలల్లో ఉన్నట్టే ఎవరో న్యూయార్క్‌లో హత్యలు చేస్తుంటే కేట్ బెకెట్ అనే పోలీసు డిటెక్టివ్ అతన్ని పిలిపించి ప్రశ్నలు వేస్తుంది. అప్పటికే పాత హీరోని నవల్లో చంపేసి ఏం రాయాలో తోచక కూర్చున్నవాడికి ఈమె దొరికింది. మేయర్‌తో ఉన్న స్నేహం వాడుకుని ఆమె వెంట తిరగడానికి పర్మిషన్ తెచ్చుకుంటాడు, ఆమెని చూసి నిక్కీ హీట్ అనే పాత్ర రాస్తాడు. కాజిల్‌గా నేథన్ ఫిలియన్, బెకెట్‌గా స్టానా కాటిచ్. అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 2009 మార్చి 9న మొదలై 2016 మే 16న అయిపోయింది, మొత్తం 173 ఎపిసోడ్లు. కథలో కాజిల్ రాసే నిక్కీ హీట్ నవలల్ని నిజంగానే పుస్తకాలుగా అచ్చేసి, రచయిత పేరు రిచర్డ్ కాజిల్ అనే వేసి అమ్మారు కూడా. జనం కొన్నారు!

హత్య కేసుల గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక శవం దొరుకుతుంది, ఏదో విచిత్రమైన భంగిమలోనో విచిత్రమైన చోటో. కాజిల్ సీఐఏ అంటాడు, మాఫియా అంటాడు, కుదిరితే గ్రహాంతరవాసులంటాడు. బెకెట్ కళ్ళు తిప్పుతుంది. ఇద్దరు ముగ్గురు తప్పుడు అనుమానితులు, ఆ తర్వాత మొదట్లో ఒకసారి వచ్చి చాలా మర్యాదగా సాయం చేసి వెళ్ళిపోయిన మనిషే హంతకుడు. మా ఆయన ఆఫీసు పని చేసుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి చూసి "వాడే" అనేవాడు, పదిలో ఏడుసార్లు వాడే. "ఎలా తెలుస్తుంది?" అంటే "వాడికి పని లేకపోయినా రెండోసారి చూపించారుగా" అంటాడు. పజిల్ కోసం చూసేవాళ్ళకి ఇది పెద్ద సరుకేం కాదు, ఆ పని బ్రిటిష్ సీరియళ్ళు ఇంతకంటే బాగా చేస్తాయి.

మరి 173 ఎపిసోడ్లు ఎవరైనా ఎందుకు చూస్తారు అంటే, ఆ ఇద్దరి కోసం. ఆ మాట ఒప్పుకోవడానికి మొహమాటపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, "నేను సస్పెన్స్ కోసం చూస్తాను" అంటారు. నేనూ అప్పట్లో అలాగే అనేదాన్ని.

మొదటి నాలుగు సీజన్లూ ఎందుకు అంత బాగుంటాయంటే ప్రేమని మాటల్లో చెప్పరు కాబట్టి. కాజిల్ రోజూ పొద్దున్నే ఆమె టేబుల్ మీద కాఫీ తెచ్చి పెడతాడు. అంతే. ఎవరూ దాని గురించి మాట్లాడరు. అమ్మ నాలుగైదు ఎపిసోడ్లకే పట్టేసింది, "చూడు, ఆ పిల్ల కాఫీ తీసుకున్నప్పుడు థాంక్స్ కూడా చెప్పదు, ఇంట్లో మనిషి ఇచ్చినట్టు తీసుకుంటుంది" అని. నేను ఇంతకుముందు చూసినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. ఇంకోటి, బుల్లెట్ తగలకుండా పోలీసులు వేసుకునే చొక్కా మీద అందరికీ పోలీస్ అని ఉంటే కాజిల్ చొక్కా మీద రైటర్ అని ఉంటుంది. నవ్వొచ్చే విషయమే, కానీ తుపాకీ లేకుండా, జీతం లేకుండా, ఆ చొక్కా వేసుకుని ప్రతిసారీ ఆమె వెనక తలుపులోంచి లోపలికి వెళ్ళేవాడు అతనొక్కడే.

బెకెట్ కథలో అసలు మేకు వాళ్ళమ్మ హత్య. 1999 జనవరిలో వాళ్ళమ్మ జోహానాని ఎవరో సందులో పొడిచి చంపేశారు, కేసు తేలలేదు, నాన్న తాగుడికి బానిసయ్యాడు. వాళ్ళమ్మ ఉంగరం మెడలో గొలుసుకి వేసుకుంటుంది, నాన్న గడియారం చేతికి పెట్టుకుంటుంది. ఒకటి పోయిన ప్రాణానికి, ఒకటి తను నిలబెట్టుకున్న ప్రాణానికి గుర్తు అని మొదటి సీజన్లోనే కాజిల్‌కి చెప్తుంది. అది చెప్పిన పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది, ఏడుపు లేదు, సంగీతం పెద్దగా లేదు. మన సీరియల్ అయితే అక్కడ మూడుసార్లు మెరుపు మెరిసేది, నలుగురి మొహాల మీదికి కెమెరా వెళ్ళొచ్చేది.

ఆ కేసు జోలికి వెళ్ళొద్దని ఆమె గట్టిగా చెప్పినా కాజిల్ వెళ్తాడు. మా ఇంట్లో మొదటి గొడవ ఇక్కడే వచ్చింది. న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురు ఈ సీరియల్ అక్కడ వస్తున్నప్పుడే వారం వారం చూసిన మనిషి, దీని మీద ఒక్కమాట పడనివ్వదు. అది ఫోన్లో "అక్కా, వాడు ప్రేమతో చేశాడు" అంటుంది. అమ్మ ఒప్పుకోలేదు. "వద్దన్న పని ప్రేమతో చేస్తే మాత్రం వద్దన్న పని కాకుండా పోతుందా" అంది. నేను అమ్మ వైపే. ఇంకో విషయం కూడా ఉంది, ఇదే తప్పు అతను నాలుగో సీజన్లో మళ్ళీ చేస్తాడు, ఇంకా పెద్దగా. రాసినవాళ్ళకి ఆ మనిషి బలహీనత ఏమిటో బాగా తెలుసు, ముద్దుగా ఉన్నాడని దాన్ని తుడిచెయ్యలేదు. అందుకే ఆ పాత్ర నిలబడింది.

మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ గురించి రాయకపోతే ఈ రివ్యూ రాయడం దండగ. వాళ్ళ కెప్టెన్ మాంట్‌గోమరీ, తండ్రి లాంటి మనిషి, దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి ఒక పాపంలో తనకీ చెయ్యి ఉందని, దాని కొసే బెకెట్ తల్లి హత్య అని తేలుతుంది. బెకెట్ ప్రాణం కాపాడటానికి ఆయన విమానాల షెడ్డులో ఒక్కడే నిలబడి చచ్చిపోతాడు. ఆమెని అక్కణ్ణించి కాజిల్ ఎత్తుకుని బయటికి తీసుకుపోతాడు, కారుకి ఆనించి నోరు మూసి పట్టుకుంటాడు అరుపు బయటికి రాకుండా, లోపల తుపాకుల చప్పుడు. ఆ సీన్ అప్పుడూ చూశాను, ఇప్పుడూ చూశాను, రెండుసార్లూ నా చేతిలో పని ఆగిపోయింది. తర్వాత అంత్యక్రియల్లో మాట్లాడుతుండగా బెకెట్‌ని దూరం నుంచి ఎవరో కాలుస్తారు, కాజిల్ ఒక్క క్షణం ఆలస్యంగా దూకుతాడు, గడ్డిలో పడి ఉన్న ఆమెతో ప్రేమిస్తున్నానని చెప్తాడు. మూడేళ్ళు నోటిదాకా వచ్చి ఆగిన మాట అక్కడ చెప్పాడు.

ఆమె బతుకుతుంది. కాల్పుల సంగతి ఏమీ గుర్తులేదంటుంది. అబద్ధం, అన్నీ గుర్తున్నాయి.

నాలుగో సీజన్ మొత్తం ఈ ఒక్క అబద్ధం మీద నడుస్తుంది, ఈ సీరియల్ చూసినవాళ్ళు ఇప్పటికీ రెండు వర్గాలుగా కొట్టుకునేది కూడా దీని మీదే. ఆమె ఒక అనుమానితుణ్ణి ప్రశ్నిస్తూ, నాకు గుండెల్లో గుండు దిగింది, ఆ రోజు ప్రతి క్షణం నాకు గుర్తుంది, నువ్వు గుర్తులేదంటే నేను నమ్మాలా అనే అర్థం వచ్చేలా అరుస్తుంది. అద్దం అవతల కాజిల్ నిలబడి వింటాడు. చేతిలో కాఫీ. అమ్మ "ఇది మన సీరియలే కదే" అంది. నిజమే, తలుపు చాటున వినడం, విన్నది అడగకుండా మూడు వారాలు మొహం మాడ్చుకు తిరగడం, ఎవరో విమానంలో పనిచేసే అమ్మాయిని వెంటేసుకు రావడం, ఇదంతా ఎనిమిదిన్నర సీరియల్ సరుకే. ఒక్కమాట అడిగితే తీరిపోయేదానికి ఇంత సాగదియ్యడమేంటని చాలామందికి చిరాకు. మా చెల్లి మాత్రం ఆ ఎపిసోడ్ నుంచి బెకెట్‌ని క్షమించలేదట, "వాడు అంత చేస్తే ఆవిడ ఏడాది నాటకమాడింది" అంటుంది.

నాకలా అనిపించదు. ఆమె ఎందుకు చెప్పలేదో మధ్యలో ఒక ఎపిసోడ్ చూపిస్తుంది, స్నైపర్ కథ, తొమ్మిదోది. ఊళ్ళో ఎవడో దూరం నుంచి మనుషుల్ని కాలుస్తుంటాడు, గుండు దెబ్బ తిన్న ఈమె అదే కేసు చూడాలి. అద్దం మీద ఎండ తళుక్కుమంటే చాలు వణికిపోయి మూలకి చేరుతుంది. అక్కడ ఆమెని బయటికి తెచ్చేది కాజిల్ కాదు, ఆమె టీమ్‌లో డిటెక్టివ్ ఎస్పొజీటో. ఒకప్పుడు తనూ సైన్యంలో స్నైపర్ పని చేసినవాడు. ఆమెని తీసుకెళ్ళి ఆమెని కాల్చిన తుపాకీనే చేతిలో పెడతాడు, ఇదొక ఇనుప ముక్క, దీన్ని పేల్చినవాడూ మనిషే అన్నట్టు మాట్లాడతాడు. కాజిల్ ఆ ఎపిసోడ్లో చేసిన గొప్ప పని ఏమిటంటే పక్కకి జరగడం. ప్రేమించినవాడే అన్నిటికీ మందు కాదని ఒక ప్రేమజోడీ సీరియల్ ఒప్పుకోవడం నేను ఎక్కువగా చూడలేదు. ఆ స్థితిలో ఉన్న మనిషి నాకు గుర్తుంది, నాకూ ఇష్టమే అని అప్పటికప్పుడు చెప్పలేదంటే దాన్ని నాటకం అనలేం. చెల్లితో ఇది అరగంట వాదించాను, అది ఫోన్ పెట్టేసి రాత్రికి మళ్ళీ చేసి "అయినా సరే" అంది.

అదే సీజన్లో బ్యాంకు దోపిడీ ఎపిసోడ్ కూడా బాగుంటుంది. కాజిల్, వాళ్ళమ్మ మార్తా లోపల బందీలుగా ఉంటారు, బయట ఫోన్ పట్టుకుని దొంగతో మాట్లాడేది బెకెట్. బాంబు పేలాక దుమ్ములో వెతుక్కుంటూ వెళ్ళి అతని కాలర్ సర్దుతూ నిలబడుతుంది, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటుంటే పక్కనుంచి మార్తా, నేనూ ఇక్కడే కట్టేసి ఉన్నాను నాయనా అన్నట్టు గొంతు సవరిస్తుంది. అమ్మకి మార్తా అంటే ప్రాణం. కొడుకింట్లో ఉంటూ, రోజుకో రంగు గౌను వేసుకుని, గ్లాసు చేతిలో పట్టుకుని, అవసరమైనప్పుడు ఒక్క మంచిమాట చెప్పి వెళ్ళిపోయే ముసలావిడ. "నేనూ ఇలాగే ఉండాల్సింది" అంది. గ్లాసు సంగతి నేను అడగలేదు.

ఈ కుటుంబం వైపు కథ ఎవరూ ఎక్కువ మెచ్చుకోరు కానీ నాకు సగం కారణం అదే. కాజిల్, కూతురు అలెక్సిస్ మధ్య ఉన్నది మొదటి మూడు సీజన్లు చాలా బాగుంటుంది, ఆమే పెద్దది, అతనే చిన్నపిల్లాడు. తర్వాత ఆమెని ఏం చెయ్యాలో తెలియక శవపరీక్ష గదిలో పెట్టారు, కాలేజీకి పంపారు, ఒక పనికిమాలిన కుర్రాణ్ణి తెచ్చారు, చివరికి నాన్న డిటెక్టివ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. బెకెట్ టీమ్‌లో ఇంకో డిటెక్టివ్ రయన్, అతనికీ ఎస్పొజీటోకీ ఉన్న స్నేహం మాత్రం మొదటి నుంచి చివరిదాకా పాడవ్వలేదు. రయన్ భార్య జెన్నీగా వేసింది ఆ నటుడు షేమస్ డెవర్ నిజం భార్యే అట, ఆ సంగతి తెలిశాక వాళ్ళ పెళ్ళి ఎపిసోడ్ ఇంకోలా కనిపించింది. ఎస్పొజీటో, శవపరీక్షలు చేసే డాక్టర్ లేనీల ప్రేమ కథ మాత్రం గాలికొదిలేశారు, ఒక సీజన్లో కలిసుంటారు, ఒక సీజన్లో లేరు, ఎందుకో అడగొద్దు. మాంట్‌గోమరీ తర్వాత వచ్చిన కెప్టెన్ గేట్స్ గురించి ఒక్క ముక్క: ఆవిణ్ణి మేడమ్ అంటే ఒప్పుకోదు, సర్ అనాలి. మా ఇంట్లో అమ్మని కొన్నాళ్ళు సర్ అని పిలిచాం.

నాలుగో సీజన్ చివర, వాన. కాజిల్ ఆమె ఇంటికొచ్చి అన్నీ కక్కేస్తాడు, నాలుగేళ్ళ ప్రేమ, ఆమె వెనక తను దాచిపెట్టిన నిజం, అన్నీ. ఆమె వినదు, వెళ్ళిపోతాడు. ఆమె హంతకుడి వెంటబడి మేడ అంచు పట్టుకుని వేలాడుతుంది, కాజిల్ వచ్చాడనుకుంటుంది, చెయ్యిచ్చి లాగింది రయన్. ఇదీ మంచి రాత అంటే! వాడు రాలేదు, వాడు నిజంగానే వెళ్ళిపోయాడు అని ఆ ఒక్క చెయ్యి చెప్పేసింది. ఉద్యోగం వదిలేసి తడిసి ముద్దై అతని తలుపు తడుతుంది. నాలుగేళ్ళు ఆగినందుకు ఆ తలుపు తీసిన నిమిషం పూర్తిగా గిట్టుబాటయింది. అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంక అయిపోయిందా?" అంది. ఇంకా మూడు సీజన్లున్నాయి అంటే నమ్మలేదు. "కలిశాక ఏముంటుందే?"

ఈ ప్రశ్న అమ్మది మాత్రమే కాదు, అమెరికా టీవీ వాళ్ళకి ఇదొక పాత మూఢనమ్మకం. 1985 నుంచి 1989 దాకా ఇదే ఏబీసీలో 'మూన్‌లైటింగ్' అని వచ్చేది, బ్రూస్ విల్లిస్, సిబిల్ షెపర్డ్ డిటెక్టివ్ జోడీ. 1987లో ఆ ఇద్దరినీ కలిపేశారు, తర్వాత సీరియల్ పడిపోయింది, అప్పటినుంచి జోడీని కలిపితే సీరియల్ చస్తుందని, దానికి మూన్‌లైటింగ్ శాపం అని పేరు పెట్టారు. కానీ అప్పట్లో జరిగినవి చూస్తే శాపం ఎక్కడుంది? హీరోయిన్‌కి కవలలు పుట్టబోతున్నారు, హీరో 'డై హార్డ్' సినిమా చేస్తున్నాడు, ఇద్దరినీ ఒక ఫ్రేములో పెట్టడానికే దిక్కులేదు, ఎపిసోడ్లు ఆలస్యం, 1988లో రచయితల సమ్మె. జోడీ కలవడం వల్ల కాదు, కలిసిన జోడీ తెరమీద కలిసి కనపడకపోవడం వల్ల పోయింది. ఆ తప్పుడు లెక్క మాత్రం ముప్ఫై ఏళ్ళు అందరి బుర్రల్లో ఉండిపోయింది.

నా వాదనకి సాక్ష్యం 'కాజిల్' ఐదో సీజనే. కలిసిన సంగతి ఆఫీసులో దాచడం, ఒకరి ఇంట్లో ఒకరి బట్టలు, వాళ్ళమ్మకి దొరికిపోవడం, బెకెట్ తల్లిని చంపించిన సెనేటర్ బ్రాకెన్‌ని ఎదురుగా పెట్టుకుని ఏం చెయ్యలేక రగిలిపోవడం, సీరియల్ కిల్లర్ టైసన్ కాజిల్‌నే హంతకుడిగా ఇరికిస్తే బెకెట్ నమ్మాలా వద్దా అని నలిగిపోవడం. ఏం తగ్గింది? సస్పెన్స్ పెరిగిందనే చెప్తా, ఎందుకంటే ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఒకటుంది. చివర ఆమెకి వాషింగ్టన్‌లో పెద్ద ఉద్యోగం వస్తుంది, చెప్పకుండా ఇంటర్వ్యూకి వెళ్ళొస్తుంది, అతనికి తెలుస్తుంది, ఉయ్యాలల మీద కూర్చుని ఇంక తెగతెంపులే అనుకుంటుంటే ఉంగరం తీస్తాడు. నిజంగా మొగుడూపెళ్ళాల మధ్య వచ్చే గొడవ అది, ఉద్యోగం ఎవరిది, ఊరు ఎవరిది, ముందు ఎవరికి చెప్పాలి. మా ఆయన ఆ ఎపిసోడ్‌కి ల్యాప్‌టాప్ మూసేశాడు, కారణం నేను చెప్పను.

ఆ తర్వాతే రచయితలకి భయం పట్టుకుంది. ఆరో సీజన్లో బ్రాకెన్ అరెస్టయ్యాడు, పదిహేనేళ్ళ కేసు తీరింది, అది చాలా బాగా తీశారు. పెళ్ళి మిగిలింది. 2014 మే 12న వచ్చిన ఆఖరి ఎపిసోడ్లో, ఉన్నట్టుండి బెకెట్‌కి కాలేజీ రోజుల్లో ఏదో తిక్కలో పెళ్ళయిపోయిందని, విడాకులు కావాలని, ఆ మొగుణ్ణి వెతుక్కుంటూ తిరుగుతుంది. సరే ఓర్చుకున్నాం. తీరా ముహూర్తం టైముకి కాజిల్ కారు రోడ్డు పక్కన మంటల్లో, పెళ్ళిబట్టల్లో బెకెట్ దాన్ని చూస్తూ. కట్. మా చెల్లి అప్పట్లో రిమోట్ విసిరేసిందట, అలాంటివాళ్ళు వేలల్లో ఉంటారు. ఏడో సీజన్ మొదట్లో రెండు నెలల తర్వాత సముద్రంలో చిన్న పడవలో దొరుకుతాడు, ఏమీ గుర్తులేదు. బెకెట్ గుర్తులేదన్న అబద్ధానికి ఇది జవాబు కాబోలు, తెలివిగా ఏదో ముడేస్తారు అని ఎదురుచూశాను. సీజన్ చివర్లో సీఐఏ, థాయ్‌లాండ్, చిన్ననాటి స్నేహితుడు అని ఏదో అతుకులబొంత చెప్పారు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు కదా, అమ్మ ఇక్కడ అదే సామెత వాడింది, నేను తెలుగులోకి చెప్పేలోపే. పెళ్ళి మాత్రం ఆరో ఎపిసోడ్లో చేశారు, చిన్నగా, సముద్రం పక్కన, ఇంట్లోవాళ్ళ మధ్య. అంత గోల తర్వాత అంత తక్కువలో కానిచ్చేశారని కొందరికి కోపం. నాకు నచ్చింది.

ఏడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ ఒక ముగింపులాగే ఉంటుంది. కాజిల్ చిన్నప్పుడు అడవిలో ఒక శవాన్ని చూశాడు, ఎవరూ నమ్మలేదు, అందుకే హత్య కథలు రాశాడు అని తేలుతుంది, ఆ కేసు తీరుతుంది. బెకెట్ కెప్టెన్ పరీక్ష రాస్తుంది. అందరూ ఒక గదిలో చేరతారు, గ్లాసులెత్తుతారు. ముగింపు కార్డు ఒక్కటే తక్కువ.

ఎనిమిదో సీజన్. వేరే రచయితల చేతికి పగ్గాలిచ్చారు, వాళ్ళు చేసిన మొదటి పని మొగుడూపెళ్ళాల్ని విడగొట్టడం. లోక్‌శాట్ అని బ్రాకెన్ వెనక ఇంకెవరో ఉన్నారట, ఆ సంగతి కాజిల్‌కి తెలిస్తే అతని ప్రాణానికి ముప్పట, అందుకని చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఏడేళ్ళ పాటు ఆ ఇద్దరూ నేర్చుకున్నదంతా ఒక్కటే, ఒకరి దగ్గర ఒకరు దాస్తే ఇద్దరూ నష్టపోతారని. నాలుగో సీజన్ అంతా దానికోసమే కదా ఏడ్చాం! పెళ్ళయిన భార్య మళ్ళీ మొదటి తరగతి నుంచి మొదలుపెట్టింది. మూన్‌లైటింగ్ భయమే ఇది, జోడీ సుఖంగా ఉంటే జనం చూడరు అనే లెక్క. తర్వాత కలుస్తారు, కలిసిన సంగతి దాస్తారు, దొంగతనంగా కలుసుకుంటారు, ఐదో సీజన్ని కాపీ కొట్టారు కానీ అప్పటి సరదా లేదు, ఇప్పుడు చూస్తుంటే అలసటగా ఉంటుంది. బెకెట్‌కి సాయం చేసే విక్రమ్ సింగ్ అని ఒక భారతీయ పాత్ర ఉంది, సుంక్రిష్ బాల వేశాడు, మనవాడు కదా అని ఆశపడ్డాను. పాపం కంప్యూటర్ ముందు కూర్చుని కంగారుపడటం తప్ప ఏం ఇవ్వలేదు.

ఇంతలో 2016 ఏప్రిల్‌లో స్టానా కాటిచ్, లేనీగా వేసిన తమాలా జోన్స్ తర్వాతి సీజన్లో ఉండరని వార్త వచ్చింది, ఖర్చు తగ్గించడానికని అన్నారు. బెకెట్ లేకుండా 'కాజిల్'! పప్పు లేకుండా పప్పుచారు. జనం ఊరుకోలేదు, మే నెలలో మొత్తం సీరియలే ఆపేశారు. ఆఖరి ఎపిసోడ్లో ఇద్దరికీ గుళ్ళు తగిలి నెత్తుటిలో ఒకరి వైపు ఒకరు పాక్కుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంటారు, వెంటనే ఏడేళ్ళ తర్వాత అని ముగ్గురు పిల్లలతో టిఫిన్ చేస్తూ కనిపిస్తారు. నిమిషం కూడా ఉండదు ఆ ముక్క. ఎలా బతికారు, ఎవరు తీసుకెళ్ళారు, ఏమీ లేదు. సంతోషమే, పిల్లలు ముద్దుగానే ఉన్నారు, కానీ మార్కెట్లో కూరలు కొన్నాక కొసరు వేసినట్టు వేశారు.

అదే కాలంలో వచ్చిన మిగతావాటితో పోలిస్తే 'కాజిల్' ఎక్కడుందో కూడా చెప్పాలి. 'బోన్స్' అని ఫాక్స్‌లో 2005 నుంచి 2017 దాకా నడిచింది. ఎముకలు చూసి హత్య చెప్పే డాక్టర్ బ్రెనన్, ఎఫ్‌బీఐ ఏజెంట్ బూత్. వీళ్ళు కలిసిన రాత్రి మనకి చూపించనే లేదు, తలుపు మూశారు, తర్వాతి ఎపిసోడ్ చివర ఆమె గర్భవతిని అని చెప్తుంది. నటికి నిజంగా నెల తప్పింది, కథ దాని వెనక పరిగెత్తింది. ఆరేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి అది అన్యాయమే, ఆ కోపం మా చెల్లికి ఇంకా ఉంది. కానీ ఆ తర్వాత ఆ సీరియల్ వాళ్ళని ఒక సంసారంగా ఉండనిచ్చింది, పిల్లల్ని స్కూలుకి పంపుతూ శవాలు చూసుకున్నారు, ఇంకో ఆరు సీజన్లు నడిచింది. శాపం ఎక్కడ? 'ది మెంటలిస్ట్'లో జేన్, లిస్బన్ ఏడు సీజన్ల చివర పెళ్ళి చేసుకున్నారు, నాకు వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళలా ఉండేవాళ్ళు, ఎంత సర్దుకున్నా కుదర్లేదు. 'లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ'లో బెన్సన్, స్టేబ్లర్ అయితే 1999 నుంచి పన్నెండు సీజన్లు పక్కపక్కన పనిచేసి, అతను 2011లో చెప్పకుండా వెళ్ళిపోయి, 2021లో తిరిగొచ్చాడు. దాని గురించి మొదలుపెడితే ఇంకో రివ్యూ అవుతుంది. మన 'సీఐడీ' 1998 నుంచి 2018 దాకా ఇరవై ఏళ్ళు నడిచినా అభిజీత్, డాక్టర్ తారిక చూపుల దగ్గరే ఆపేశారు, జనానికి గుర్తున్న జోడీ మాత్రం అభిజీత్, దయాలే.

ఎవరు చూడొచ్చు అంటే, ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని చూడగలిగే హత్యల సీరియల్ ఇది, రక్తం తక్కువ, బూతు లేదు, పడగ్గది సీన్లు దాదాపు లేనట్టే. శవాలు ఉంటాయి కాబట్టి భోజనం టైములో మాత్రం వద్దు. ఎపిసోడ్ నలభై రెండు మూడు నిమిషాలు. మొదటి సీజన్ పదే ఎపిసోడ్లు కాబట్టి అవి చూసి నచ్చకపోతే మానేయండి, తర్వాత నచ్చే ఛాన్సు లేదు. నాలుగో సీజన్‌కి ఐదుకి ఐదు ఇస్తాను, ఎనిమిదికి ఒకటిన్నర, అదీ రయన్, ఎస్పొజీటోల మొహం చూసి.

అమ్మకి ఎనిమిదో సీజన్ ఉందని చెప్పలేదు. గ్లాసులెత్తిన సీన్ అయ్యాక "బాగా ముగించారు" అని తృప్తిగా కర్ర పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది, నేను అడ్డంపడి ఇంకోటి చెప్పదలచుకోలేదు. ఇది మోసం అని చెల్లి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఎనిమిదోది నేను రాత్రిళ్ళు ఒక్కదాన్నే చూసి ఈ రివ్యూ రాస్తున్నా. పోయిన సోమవారం అమ్మతో 'బోన్స్' మొదలుపెట్టాను. మొదటి ఎపిసోడ్ సగంలోనే అడిగింది, "వీళ్ళ పెళ్ళి ఎప్పుడే?" అని. తొమ్మిదో సీజన్లో అమ్మా అని చెప్పే ధైర్యం లేక కాఫీ పెట్టడానికి లేచాను.